దీపాలు పెట్టాక రండి

మా అత్తమ్మ కుంకుమ భరిణె మూడేళ్లుగా బీరువాలో శాలువాల కింద పడి ఉండేది. మామయ్య పోయాక ఆమే దాన్ని అక్కడ పెట్టింది. పెట్టమని ఎవరూ అనలేదు, తియ్యమని కూడా ఎవరూ అనలేదు. వెండిది, మూత మీద చిలక ఉంటుంది. ఆయన ఉన్నన్నాళ్లూ మైలాపూరులో నవరాత్రి వస్తే ఆమె ఆ భరిణె పట్టుకుని వీధంతా తిరిగేది. ప్రతి ఇంటి ఇల్లాలికీ బొట్టు పెట్టి, మా ఇంట్లో బొమ్మల కొలువు, రండి అని పిలిచేది. వచ్చినవాళ్లకు మళ్లీ బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, సుండల్, అంటే తాలింపు శనగలు, పొట్లం కట్టి పంపేది. భర్త పోయినావిడ బొట్టు పెట్టి పిలవకూడదని ఒక ఆచారం. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆమె మాత్రం తు.చ. తప్పకుండా పాటించింది.

షోళింగనల్లూరు ఫ్లాటుకు వచ్చాక అది ఇంకా ముదిరింది. మా ఆయన ఆఫీసుకు దగ్గరని మైలాపూరు అద్దె ఇల్లు వదిలి ఇక్కడికి చేరాం. ఇక్కడ పగలంతా తలుపులు మూసే ఉంటాయి. లిఫ్టులో ఎదురైనా ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. ఎప్పుడైనా ఎవరైనా ఆడవాళ్లు పేరంటానికి పిలవడానికి వస్తే, బెల్లు మోగగానే మా అత్తమ్మ లోపలి గదిలోకి పోయి తలుపు చేరవేసుకునేది.

"ఏమత్తా, దొంగ మాదిరి దాక్కుంటా ఉండావు?" అన్నాను ఒకసారి, వచ్చినావిడ వెళ్లిపోయాక.

"వాళ్లు శుభమా అని బొట్టు పెట్టను వచ్చినారు. నేను ఎదురుగా కూర్చోనుంటే వాళ్లకి ఇబ్బంది కదామే."

"వాళ్లు చెప్పినారా?"

"చెప్పే పన్లేదు. మనకే తెలియాల."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెరంబూరులో మా పుట్టింటి వీధి మొత్తానికీ తెలుసు. కానీ ఎవరి మీద అరవాలి? వచ్చినావిడ ఏమీ అనలేదు, మా అత్తమ్మా ఏమీ అడగలేదు. గిన్నెలు గట్టిగా కడిగి ఊరుకున్నాను.

అప్పటికి నేను పని చేసిన ఆఫీసు మూతపడి కొన్ని నెలలయింది. బీకాం చదివి, ఏళ్ల తరబడి ఇన్సూరెన్సు కాగితాలు సరిచూసిన మనిషిని. ఆ పని ఇప్పుడు కంప్యూటర్లే చేసుకుంటున్నాయట. సరే, వాటి సంగతే తేల్చుకుందామని పెరుంగుడిలో ఒక శిక్షణ కేంద్రంలో వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవడానికి చేరాను. క్లాసులో అందరూ పిల్లలు. పాఠం చెప్పే అమ్మాయి కూడా నాకంటే చిన్నదే, నన్ను అక్కా అని పిలిచేది. ఫుల్ స్టాక్ అంటే ఏమిటో మొదటి రోజు చెబితే ఎక్కలేదు. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. మెస్సులో మనం కూర్చుని తినే హాలు ఒకటి, వెనక వంటిల్లు ఒకటి, దాని వెనక సరుకుల కొట్టు ఒకటి. మనకు కనిపించే పేజీ హాలు. అడిగింది చేసిచ్చే సర్వరు వంటిల్లు. అన్నీ దాచిపెట్టే డేటాబేసు కొట్టు. మూడింటినీ ఒకే మనిషి చూసుకోగలిగితే ఫుల్ స్టాక్. చెప్పుకోవడానికి బాగానే ఉంది, చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కోర్సు చివర ఎవరి ప్రాజెక్టు వాళ్లు కట్టి చూపించాలి. క్లాసులో సగం మంది చెయ్యాల్సిన పనుల జాబితా కట్టారు, మిగతా సగం బట్టల దుకాణం కట్టారు. నేనూ పనుల జాబితానే మొదలుపెట్టాను. పాఠం చెప్పే అమ్మాయి చూసి మొహం చిట్లించింది.

"అక్కా, ఇది వెయ్యి మంది చేసినారు. మీ ఇంట్లో ఏదైనా అవసరం ఉంటుంది కదా, అది చెయ్యండి," అంది తమిళంలో.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అటక మీద చూస్తే బొమ్మల పెట్టెలు కనిపించాయి. మైలాపూరు నుంచి వచ్చినప్పటి తాళ్లు కూడా విప్పలేదు. నవరాత్రి దగ్గరికి వస్తోంది.

"అత్తా, ఈసారి కొలువు పెడదామా?" అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, "పెట్టు, బొమ్మలు పాపం చీకట్లో ఉండాయి. అయితే నువ్వుదా పొయ్యి అందరినీ పిలవాల. నేను లోపల ఉంటా," అంది.

నాకు కావలసింది అది కాదు. ఆమె లోపలి గదిలోంచి బయటికి రావాలి, తన బొమ్మల పక్కన తాను కూర్చోవాలి. కొలువు ఆమెది, బొమ్మలు ఆమె పుట్టింటివి, నేను ఉత్త కోడల్ని. ఇక ఇంటింటికీ పోయి తలుపులు కొట్టడం నా వల్ల అయ్యే పని కాదు. అమ్మకాలకు వచ్చినవాళ్లని అనుకుని తలుపు సందులోంచి చూసి పంపేస్తారు, అక్కడే నేను ఏదో ఒక మాట అనేస్తాను. అందుకని ప్రాజెక్టుగా పిలుపుల వెబ్‌సైటు కడదామనుకున్నాను. పండగ చేసుకునేవాళ్లు తమ వివరాలు నింపితే సైటు ఒక పిలుపు పేజీ తయారుచేస్తుంది. దాని లింకు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెడితే, చూసినవాళ్లు 'వస్తాం' అన్న బటన్ నొక్కుతారు. నొక్కినవాళ్ల పేర్లు డేటాబేసులో చేరతాయి. మా ఆయన విని, "మా అమ్మ సుండల్‌కి ఇంత హంగామానా?" అని నవ్వాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

నెల రోజులు అదే ధ్యాస. కూర అడుగంటింది, రెండుసార్లు పాలు పొంగాయి. పేజీ అందంగా వచ్చిందంటే సర్వరు పలకదు. సర్వరు పలికిందంటే కొట్టులో పేర్లు చేరవు. ఒకరోజు పొద్దుననగా కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికితే, చివరికి ఒక కామా. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. లాప్‌టాప్‌ను నేను తిట్టే తిట్లు విని మా అత్తమ్మ వంటింట్లోంచి, "ఎవురిని మే ఆ తిట్లు?" అని అడిగేది. మెల్లగా కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఏమీ అర్థం కాకపోయినా రంగులు బాగున్నాయనో బాగాలేవనో చెప్పేది. పేజీకి పసుపు రంగు ఆమె చెప్పిందే.

ఒకరోజు పిలుపు పేజీలో తన పేరు కనిపించింది. తెలుగు, తమిళం రెండూ చదువుతుంది. పేజీ తమిళంలో ఉంది.

"ఈడ నా పేరేంటికి వచ్చింది?"

"పిలిచేవాళ్ల పేరు అత్తా. కొలువు ఎవరిదో వాళ్ల పేరు వెయ్యాల."

"నేను పిలవకూడదు కదా."

"నువ్వేం బొట్టు పెట్టి పిలవడం లేదు కదా. కంప్యూటరు పిలస్తా ఉండాది. కంప్యూటరుకి ఆచారం లేదు."

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. తీసెయ్యమంటుందేమో అనుకున్నాను, అనలేదు. లేచి పోతూ, "అక్షరాలు ఇంగ కొంచెం పెద్దవి చెయ్యి," అంది. చేశాను.

ఇక టైము దగ్గర గొడవ వచ్చింది. నేను మొదట తేదీ, టైము రెండూ పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు. అన్నీ సరిగ్గా చూపించింది, నాలుగైదుసార్లు పరీక్షించి చూసుకున్నాను. తీరా రేపు లింకు పంపుతామనగా మా అత్తమ్మ చూసి తల అడ్డంగా ఊపింది.

"పేరంటానికి గంట చెప్తారా ఎవురైనా? అదేమన్నా రైలా? ఆరంటే ఆరుకే రావాల అనుకుంటారు. ఎవురి పని ఎప్పుడు ముగిస్తే అప్పుడు రానీ. దీపాలు పెట్టినాక రండి అని రాయి."

ఆమె చెప్పింది న్యాయమే. ఏ పేరంటానికీ నన్ను ఎవరూ ఫలానా గంటకు రమ్మనలేదు. టైము గడి తీసేశాను. తేదీ ఒక్కటే ఉంచి, దాని కింద 'సాయంత్రం దీపాలు పెట్టాక రండి' అని రాశాను. నా పేజీలో శుక్రవారం అని చక్కగా కనిపించింది. గ్రూపులో లింకు పెట్టేసి, అన్నం వండడానికి లేచాను.

వస్తాం అని నొక్కినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. మా అత్తమ్మ పూటకోసారి అడిగేది, ఇంగ ఎవురు వస్తా ఉండారు అని. నేను ఫ్లాటు నంబరు చదివితే, ఆమె కిందా పైనా ఎక్కడుంటారో ఆరా తీసేది. మా పై అంతస్తులో ఒక తమిళ పెద్దావిడ ఉండేది, ఆమె అందరికంటే ముందు నొక్కింది. "ఆమె మైలాపూరు కూరగాయలంగట్లో నాకు తెలుసు," అంది మా అత్తమ్మ. ఇన్నాళ్లూ తెలిసి కూడా పలకరించలేదన్నమాట. నేను చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, పసుపు కుంకుమ పొట్లాలు కొనుక్కొచ్చి సంచిలో పెట్టాను. ఆకులూ పువ్వులూ శుక్రవారం పొద్దున తెచ్చుకుంటే తాజాగా ఉంటాయి. అయిదు మెట్ల మీద బొమ్మలన్నీ మా అత్తమ్మే సర్దింది. పై మెట్టు మీద మరపాచి జత, అంటే ఎర్రటి కొయ్యతో చేసిన ఆలుమగల బొమ్మలు. వాటికి కొత్త గుడ్డలు కూడా కుట్టింది. అన్నీ అయ్యాక, "శుక్రారం నేను లోపల గదిలో ఉంటా, నువ్వు చూసుకో," అని మళ్లీ అదే మాట. శుక్రవారం దాకా వాదన ఎందుకని నేను ఊరుకున్నాను. ఆ రోజు ఎలాగైనా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తాను, అది నా లెక్క.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని ఊరికే అనలేదు.

గురువారం సాయంత్రం పెరుంగుడిలో మా ప్రాజెక్టులు చూసే రోజు. ఒక్కొక్కరూ లేచి తెర మీద చూపించాలి. నా వంతు వచ్చేసరికి దీపాల వేళ దాటింది. కొలువు గురించీ, పిలుపు గురించీ చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. పాఠం చెప్పే అమ్మాయి తన ఫోనులో పిలుపు పేజీ తెరిచింది.

"బాగుంది అక్కా," అంది. తర్వాత, "అయితే ఇది ఈరోజే కదా. మీరు ఈడ ఏం చేస్తా ఉండారు?" అని అడిగింది.

"కాదు, రేపు."

"ఇందులో గురువారం అని ఉంది."

ఫోను లాక్కుని చూశాను. గురువారమే. నా లాప్‌టాప్‌లో శుక్రవారం, అదే పిలుపు ఆమె ఫోనులో గురువారం. ఆ అమ్మాయి క్షణంలో పట్టేసింది. సర్వర్లు లోకమంతటికీ ఉమ్మడిగా ఉండే ఒక గడియారాన్ని చూస్తాయట, అది మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. గంట చెప్పకుండా ఉత్త తేదీ ఇస్తే కంప్యూటరు దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి అనుకుంటుంది. మనకు శుక్రవారం మొదలైన ఆ నిమిషానికి సర్వరు లెక్కలో ఇంకా గురువారం సాయంత్రమే. ఆరు గంటలని ఉన్నన్నాళ్లూ అయిదున్నర గంటలు వెనక్కి పోయినా అదే రోజు, గంట మాత్రం నేను టైపు చేసిన అక్షరాల్లోనే పడేది కాబట్టి తప్పు బయటపడలేదు. నా పేజీ నా లాప్‌టాప్ గడియారం చూసుకుంది. అందరూ చూసే పిలుపు పేజీ సర్వరు తయారుచేసింది. టైము తీసేశాక ఆ పేజీని మళ్లీ తెరిచి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

ఇవన్నీ వింటూనే ఇంటికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. మా ఆయన ఆ వారం బెంగళూరులో ఉన్నాడు. ఇంట్లో మా అత్తమ్మ ఒక్కతే. లాప్‌టాప్ సంచిలో కుక్కి, ఒక్క మాట కూడా చెప్పకుండా బయటపడ్డాను.

ఆటో దొరికింది గానీ దారి దొరకలేదు. ఓఎంఆర్ హైవే మీద మెట్రో పనులు, సగం రోడ్డు రేకుల వెనక. ఏం జరిగి ఉంటుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. బెల్లు మోగుతుంది. ఆమె కన్నంలోంచి చూస్తుంది. పట్టుచీరల్లో ఆడవాళ్లు. ఇంట్లో కోడలు లేదు, పిలిచింది తన పేరు. గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. వాళ్లు ఒకటికి రెండుసార్లు బెల్లు కొట్టి, పిలిచి తలుపు తియ్యలేదని గొణుక్కుంటూ పోతారు. ఆ తర్వాత ఆమెను ఆ గదిలోంచి నేనే కాదు, దేవుడు దిగొచ్చినా బయటికి తేలేడు. ఆమెను బయటికి తేవడానికి కట్టిన సైటుతోనే ఆమె చుట్టూ ఇంకో గోడ కట్టాను. ఆటోలో కూర్చుని ఏడ్చాను, డ్రైవరు అద్దంలోంచి చూసినా సిగ్గుపడలేదు.

లిఫ్టు దిగగానే మా తలుపు ముందు చెప్పులు కనిపించాయి. బోలెడన్ని, ఒకదాని మీద ఒకటి. తలుపు బార్లా తెరిచి ఉంది.

హాలు నిండా ఆడవాళ్లు. సోఫాలో చోటు చాలక కింద చాప మీద కూడా కూర్చున్నారు. మా అత్తమ్మ కొలువు పక్కన నిలబడి, మరపాచి జత తన అమ్మ ఎప్పుడు ఇచ్చిందో తమిళంలో చెబుతోంది. చెబుతూనే, వెళ్లడానికి లేచిన ఒకామెకు బొట్టు పెట్టింది. ఎడమ చేతిలో చిలక భరిణె ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆమె నన్ను చూసింది. "వచ్చినావా? ఆడే నిలబడినావేంమే, పొయ్యి నీళ్లు ఎత్తుకోని రా," అంది. ఏదో రోజూ జరిగే పనే అన్నట్టు అంది. పోయి నీళ్లు తెచ్చాను.

అందరూ వెళ్లాక పైఫ్లాటు ఆవిడ మాత్రం గిన్నెలు సర్దడానికి ఉండిపోయింది. ఒక గిన్నె ఆమెదే. మా ఇంట్లో నైవేద్యానికని వేసిన పిడికెడు శనగలు నలుగురికి కూడా చాలవు కదా, ఆమె పైకి పోయి తన ఇంటి సుండల్ మొత్తం గిన్నెతో తెచ్చిందట. ఆకులు లేవు కాబట్టి తలా ఒక అరటిపండు, డబ్బా, పసుపు పొట్లం ఇచ్చారు. ఆవిడ పోయాక నేను సోఫాలో కూలబడి అడిగాను.

"తలుపు ఎట్ట తీసినావత్తా?"

"మొదట తియ్యలేదు. గదిలోకి పొయినా," అంది. "బెల్లు కొడతానే ఉండారు. నా పేరేసి పిలిచినావు కదా. పిలిచినదాన్ని నేనై, వచ్చినోళ్లని వాకిట్లో నిలబెట్టి లోపల కూర్చుంటే అది మనిషి చేసే పనా? పోయి తీసినా. కోడలు లేదు, కుంకమ ఆడ పెడతా, మీరే తీసుకోండి అని చెప్పినా. పైనింటామె ఒప్పుకోలేదు. 'నీంగదానే కూప్పిట్టీంగ, నీంగళే కొడుంగ' అనింది."

పిలిచింది మీరే కదా, మీరే ఇవ్వండి అంది ఆ తమిళావిడ. అని నుదురు ముందుకు వంచిందట. మా అత్తమ్మ అప్పుడు పోయి శాలువాల కిందినుంచి భరిణె తీసింది.

"అందరూ పెట్టించుకున్నారా?"

"ఒకామె తానే తీసుకుని పెట్టుకునింది. పరవాలేదు, సుండలు మాత్రం రెండుసార్లు అడిగి తినింది," అంది.

నేను లాప్‌టాప్ తెరిచి తప్పు సరిదిద్దడానికి కూర్చున్నాను. తేదీని తేదీగానే ఉంచాలి, గడియారంతో దానికి పని లేదు. అంతా కలిపి ఒక్క వరస మార్చితే సరిపోయింది. రాలేకపోయినవాళ్లు ఇంకా ఉన్నారు, రేపు శుక్రవారం రమ్మని గ్రూపులో మళ్లీ లింకు పెట్టాను. ఈసారి పెట్టే ముందు మా ఆయనకు పంపి, ఏ రోజని కనిపిస్తోందో చదవమన్నాను. పాఠం చెప్పే అమ్మాయి దగ్గర్నుంచి మెసేజి వచ్చి ఉంది. మీరు సగంలో వెళ్లిపోయారు, ప్రాజెక్టు పనిచేస్తుందో లేదో ఏమని రాసుకోను అని అడిగింది. పనిచేసింది అని రాసుకో అన్నాను.

"అన్నానికి రా," అని మా అత్తమ్మ పిలిచింది.

ఇద్దరికీ వడ్డించి ఆమె ఎదురుగా కూర్చుంది. రసం అన్నం. చూస్తే ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటోంది, అన్నం సగం కంచంలోనే జారిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె స్పూనుతో అన్నం తిన్నది లేదు. హోటల్లో కూడా పక్కకు నెట్టేస్తుంది.

"ఏమత్తా, చేతికి ఏమైంది?"

కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఎత్తి చూపించింది. ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా ఎర్రగా ఉంది.

"ఏం కాలేదు. కడగబుద్ధి కాలేదు," అంది.